దక్కిన బిడ్డ మీద బెంగ

మా వాసవి నోరు తెరిస్తే ఆళ్లగడ్డ బజారంతా మా ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టుండేది. నిమ్మకాయల బండి ముసలామె ఎట్లా దగ్గుతుందో, బస్టాండులో కండక్టరు "నంద్యాల, నంద్యాల, నంద్యాల" అని ముక్కుతో ఎట్లా అరుస్తాడో, బళ్లో లెక్కల సారు సుద్దముక్క విరిగితే ఎట్లా నిట్టూరుస్తాడో అన్నీ చేసి చూపించేది. మా అత్తయ్యను చేసేటప్పుడు చున్నీని కొంగులా నడుముకు దోపుకుని, లేని కళ్లజోడును ముక్కు మీదికి తోసుకునేది. అత్తయ్య ముందు కోప్పడేది. కాసేపటికి తనే "ఏదీ, ఇంగొకసారి చెయ్యి" అని అడిగేది.

అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. నాలుగో తరగతి. మాకు అదొక్కతే. బస్టాండుకు దగ్గర్లో మాది స్టీలు సామాన్ల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి కొనుక్కుపోతారు. కొన్న బిందె మీద పేరు చెక్కించుకోకుండా ఎవరూ పోరు. మా ఆయన రమణ మిషను పట్టుకుని పేర్లు చెక్కుతుంటే, వాసవి పక్కన స్టూలు మీద కూర్చుని ఆ పేరుగల మనిషి ఎట్లా మాట్లాడతాడో ఊహించి చెప్పేది. కొనడానికి వచ్చినవాళ్లు నవ్వుతూ ఇంకొంచెం సేపు కూర్చునేవాళ్లు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. తలకు దెబ్బ తగిలిన బిడ్డను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న తల్లి ఎక్కడైనా దీన్ని చదివితే, తన మనసులో తిరుగుతున్నది తనొక్కదానికే కాదని తెలుస్తుందని. నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

ఆ వానాకాలం

ఆ రోజు మధ్యాహ్నం నుంచే జల్లు పడుతోంది. బడి వదిలే వేళకు రోడ్డు మీద నీళ్లు నిలిచాయి. పిల్లల్ని తెచ్చే ఆటో కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి ఎనుముల మంద అడ్డం వచ్చిందట. ఆటో అతను పక్కకు తిప్పితే బండి మెల్లగానే ఒరిగిందట. మిగతా పిల్లలకు మోచేతులు గీరుకున్నాయి. వాసవి తల మాత్రం కల్వర్టు గోడకు కొట్టుకుంది. రక్తం రాలేదు. అందుకే చూసినవాళ్లెవరూ భయపడలేదు.

అది తనంతట తానే మెట్లెక్కి వచ్చింది. "ఆటో పల్టీ కొట్టింది మా" అని, పడేటప్పుడు ఆటో అన్న ఎట్లా కేక పెట్టాడో చేసి చూపించింది కూడా. నేను నవ్వాను. తడిసిన జడ విప్పి తుడుస్తుంటే "ఆడ ముట్టుకోవద్దు, నొస్తాంది" అంది. పాలు తాగింది, కక్కుకుంది. రెండోసారి కూడా కక్కుకునేసరికి నేను కిందికి కేకేశాను. రమణ చెక్కుతున్న బిందెను అట్లాగే వదిలేసి వచ్చి దాన్ని ఎత్తుకున్నాడు. పక్క అంగడివాళ్ల కారులో నంద్యాలకు బయల్దేరాం.

శిరివెళ్ల దాటేదాకా అది మాట్లాడుతూనే ఉంది. తల నా ఒళ్లో పెట్టుకుని "మెల్లగ తోలమను నాయనా, గుంతలకు తల అదురుతాంది" అంది. ఆ గొంతుతో, ఆ వేగంతో దాని నోట నేను విన్న ఆఖరి మాట అదే. తర్వాత కళ్లు మూసుకుంది. పిలిస్తే మూలిగింది. నంద్యాల ఊళ్లోకి వచ్చేసరికి మూలగడం కూడా ఆగిపోయింది.

తల లోపల నెత్తురు గడ్డకట్టిందన్నారు, ఆపరేషన్ చేశారు. ఆ వివరాలు నాకు ఇప్పటికీ సరిగా తెలియవు. తెలిసిందల్లా బయటి హాలు. గోడకు వరసగా కుర్చీలు, తలుపు పక్కన చెప్పుల కుప్ప, ఎవరి పేరు పిలిచినా అందరూ ఒక్కసారే లేచి నిలబడటం. తమ పేరు కాదని తెలిశాక ఒక్కొక్కరే మళ్లీ కూర్చోవడం. రమణ కూర్చోనే లేదు. హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాడు.

ఆ హాల్లో నా పక్క కుర్చీ ఓబులమ్మది. గోస్పాడు మండలంలోని ఒక పల్లె. ఆమె భర్త ట్రాక్టరు మీద నుంచి పడ్డాడు. అరవై దాటిన మనిషి, నన్ను ముందెప్పుడూ చూసి ఎరగదు. నేను ఏమీ తినకపోవడం గమనించి, తన గుడ్డలో కట్టుకొచ్చిన జొన్నరొట్టె విరిచి శెనక్కాయల పొడి అద్ది నా చేతిలో పెట్టింది.

"వద్దు పెద్దమ్మా, లోపలికి పోదు" అన్నాను.

"పోతాది. నమలు. ఎవురు సూస్తాండారు నిన్ను ఈడ?" అంది. తిన్నాక, "పోయి మొఖం కడుక్కొని రా. పాప కండ్లు తెరిస్తే ముందు ఈ మొఖమేనా సూడాల్సింది?" అని గదమాయించింది.

ఆ తర్వాత రోజూ ఆమె చెప్పకపోయినా నేను ముఖం కడుక్కున్నాను, తల దువ్వుకున్నాను. ఒకనాడు పొద్దున టీ తెచ్చుకోవడానికి కిందికి వెళ్లి వచ్చేసరికి ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. తన దుప్పటిని మడిచి నా కుర్చీలో పెట్టి వెళ్లింది. ఆమె భర్త ఏమయ్యాడో నాకు తెలియదు. నర్సును అడగడానికి ఆ రోజు ధైర్యం చాలలేదు.

ఆ వారంలోనే వాసవి కళ్లు తెరిచింది. నన్ను చూసి గుర్తుపట్టింది. పెద్ద డాక్టరు మమ్మల్ని పిలిచి, "ప్రాణానికి గండం గడిచింది. మిగతాది మెల్లగా చూసుకుందాం" అన్నారు. మొదటి మాటకే నేను రెండు చేతులూ జోడించేశాను. రెండో మాట నా చెవిన పడింది గానీ మనసుకు ఎక్కలేదు.

దసరా పండుగ ముందర

ఇంటికి తెచ్చిన రోజు బజారు బజారంతా వచ్చింది. గుమ్మం ముందు అత్తయ్య కొబ్బరికాయ కొట్టి, గుమ్మడికాయతో దిష్టి తీసింది. నున్నగా గీసిన తల మీద స్కార్ఫు కట్టుకుని, వాసవి అందర్నీ చూస్తూ నిలబడింది. కొబ్బరికాయ పగిలిన చప్పుడుకు రెండు చెవులూ మూసుకుంది. నిమ్మకాయల బండి ముసలామె దాన్ని కావలించుకుని ఏడుస్తుంటే పగలబడి నవ్వింది. అది నాకు తెలిసిన నవ్వు కాదు. ఎక్కడ మొదలైందో, ఎందుకు ఆగిందో తెలియని నవ్వు.

"నీరసం లే, పది దినాలు పోతే అదే సర్దుకుంటాది" అంది అత్తయ్య. మేమూ అదే అనుకున్నాం.

నీరసం తగ్గింది. బుగ్గలు నిండాయి. జుట్టు మొలిచింది. బయటినుంచి చూసినవాళ్లకు అది మునుపటి వాసవే. కానీ మాట మారిపోయింది. నిదానంగా, ఒక్కొక్క మాటనూ బావిలోంచి చేదుకున్నట్టు మాట్లాడేది. గరిటె అనే మాట దొరక్క "అది... పప్పు... తిప్పేది" అనేది. ఆ మాట దొరకనందుకు కోపం వచ్చి కంచం విసిరేసేది. కాసేపటికి ఎందుకు విసిరిందో గుర్తుండేది కాదు, నేలమీద అన్నం చూసి "ఎవురు పారబోసినారు మా?" అని అడిగేది. గౌనుకు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయి అట్లాగే కూర్చునేది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే తట్టుకోలేదు. మిక్సీ వేస్తే ఏడ్చేది. బళ్లో చేర్పిస్తే వారం తిరక్కుండానే, మధ్యాహ్నానికల్లా బల్ల మీద తల వాల్చేస్తోందని కబురు వచ్చింది. వాళ్ల టీచరు మంచిదే. "కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకోండి అక్కా, పిల్లలు నవ్వుతున్నారు" అని నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

అన్నిటికంటే నన్ను కోసింది ఒకటుంది. అది ఎవర్నీ చేసి చూపించడం లేదు. ఒకరోజు ఉండబట్టలేక నేనే అడిగాను, "నాయనమ్మ ఎట్లా మాట్లాడుతాది, చెయ్యి" అని. అది చాలాసేపు నా ముఖంలోకి చూసి, "నాయనమ్మ... ఆడ ఉంది గదా. నువ్వే పోయి అడుగు" అంది.

నిజమే. నాయనమ్మ అక్కడే ఉంది. నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను.

ఈ బాధ ఎవరితో చెప్పుకోవాలి? అంగడికి వచ్చే ప్రతి మనిషీ "దేవుని దయ, బిడ్డ దక్కింది గదా" అనేవాళ్లు. దక్కింది. కళ్లముందు తిరుగుతోంది, తింటోంది, నా పక్కనే పడుకుంటోంది. పోయిన బిడ్డ కోసం ఏడ్చేవాళ్ల దగ్గర అందరూ కూర్చుంటారు. బతికొచ్చిన బిడ్డను పక్కన పెట్టుకుని, ఆ బిడ్డ కోసమే బెంగ పెట్టుకున్నదాన్ని నేను. ఇది ఏ రకం ఏడుపో నాకే అర్థం కాలేదు. దాని పక్కన కూర్చునే దాని కోసం ఎదురుచూసేదాన్ని. సాయంత్రం నాలుగయ్యేసరికి బడి ఆటో హారను వినపడితే చేతిలో పని జారిపోయేది. అది నా ఎదురుగానే కూర్చుని ఉండేది.

చలికాలం

రమణ ఏడవలేదు. పట్టుదల పట్టాడు. అంగడిలో బేరం లేనప్పుడల్లా దాన్ని స్టూలు మీద కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేవాడు.

"వాసూ, ఇదేంది?"

"గ్లాసు."

"ఇది?"

అది చూసేది. చూస్తూనే ఉండేది.

"చెంబు. చెప్పు, చెంబు. నీకు తెలుసు గదా! మూడేండ్లప్పుడే చెప్పినావు."

"చెంబు."

మర్నాడు మళ్లీ అదే చెంబు, అదే ప్రశ్న. అది చెప్పలేకపోయేది. ఆయన గొంతు పెరిగేది. అది చెవులు మూసుకుని బల్ల కిందికి దూరేది. నేను పైనుంచి దిగి వచ్చేదాన్ని.

"నువ్వు దాన్ని పరీక్షలు పెట్టి పెట్టి సంపుతాండావు" అన్నాను ఒకరోజు, అంగడిలో మనుషులున్నారని కూడా చూడకుండా.

"నువ్వు వదిలేసినావు గదా, ఇంగ నేను గూడ వదిలేయాల్నా?" అన్నాడు. ఆ మాట నాకు చాలా రోజులు లోపలే గుచ్చుకుంటూ ఉంది. ఆ తర్వాత అన్నానికి పైకి రావడం తగ్గించాడు. క్యారియరు కిందికే పంపించేదాన్ని. ఒకే మెట్లకు ఆ చివర ఆయన, ఈ చివర నేను.

శ్రీశైలానికి మొక్కుకున్నాడని నాకు బస్సు టికెట్లు తెచ్చాకే తెలిసింది. వద్దన్నాను, జనం, చప్పుడు పడవన్నాను. "దేవుని కాడ ఏం కాదు" అన్నాడు. క్యూలో సగం దూరం పోయాం. గుడిగంటలు, శివనామాలు, మైకు, వెనకనుంచి తోసే మనుషులు. వాసవి మొదట నా చీర పట్టుకుంది, తర్వాత నా చెయ్యి గిచ్చింది, తర్వాత చెవులు మూసుకుని అరవడం మొదలుపెట్టింది. ఆపలేదు. వెనకామె ఎవరో "ఏమో పట్టినట్టుండాది పాపకు" అంది. రమణ వెనక్కి తిరిగి ఆమెను ఏదో అనబోయాడు. దాన్ని భుజాన వేసుకుని, కమ్మీల కింద నుంచి దూరి బయటికి వచ్చేశాడు.

వీధిలో ఒక గాజుల అంగడామె మమ్మల్ని చూసి, ఏమీ అడగకుండా వెనకగది తలుపు తీసింది. "ఈడ కూచోబెట్టండమ్మా, ఈడ చప్పుడు రాదు" అంది. ఆ చీకటి గదిలో, అట్టపెట్టెల మధ్య, అది నా ఒళ్లో పడుకుని మెల్లగా తేరుకుంది. రమణ గుమ్మంలో మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. దర్శనం చేసుకోకుండానే వచ్చేశాం.

ఇంటికి వచ్చాక నేనే నిర్ణయించుకున్నాను. మాటలు నేర్పే డాక్టరమ్మ ఉందని పెద్ద డాక్టరు అప్పుడెప్పుడో చెప్పారు. ఆమె దగ్గరికి, నంద్యాలకు, వారానికి రెండుసార్లు బస్సులో తీసుకెళ్లడం మొదలుపెట్టాను. ఆమె చిన్న వయసు మనిషి, గట్టిగా మాట్లాడదు. వాసవితో కాసేపు బొమ్మలు చూపిస్తూ గడిపి, నాతో అంది:

"అమ్మా, పాపకు మొండితనం లేదు, సోమరితనం లేదు. మనం ఆలోచించకుండా చేసే ప్రతి పనికీ ఇప్పుడు పాప ఆలోచించాలి. గుండీ పెట్టుకోవడానికి కూడా. మధ్యాహ్నానికే అలిసిపోతుంది. అలిసిపోతే కోపం వస్తుంది."

"ముందు మాదిరి అయితాదా మేడం?" అడిగాను.

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. అందుకే నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది. "నేర్చుకుంటుంది. చాలా నేర్చుకుంటుంది. కానీ ఇప్పటి పాపే నేర్చుకుంటుంది అమ్మా" అంది.

ఆ మాటలో సగమే పట్టుకుని బస్సెక్కాను. నేర్చుకుంటుంది. రమణకు కూడా ఆ సగమే చెప్పాను.

ఎండాకాలం

మెల్లగా కొన్ని మాటలు తిరిగి వచ్చాయి. గరిటె వచ్చింది, చెంబు వచ్చింది. గుండీలు పైనుంచి కిందిదాకా పెట్టుకోవడం వచ్చింది. ఒకసారి ఒక పనే చెప్పాలని, పక్కన టీవీ కట్టేయాలని, తొందర పెట్టకూడదని నాకూ అత్తయ్యకూ అలవాటైంది. నా బెంగ మాత్రం తగ్గలేదు. ఇంకా పెరిగింది. కాస్త బాగుపడిన ప్రతిసారీ, మిగిలిన దూరం ఎంతో కనిపించేది.

నా ఫోనులో పాత వీడియో ఒకటుంది. ఆటో పల్టీ కొట్టడానికి కొద్దిరోజుల ముందు, మా అన్న వాళ్లింట్లో తీసింది. అందులో వాసవి పెళ్లిసామాన్లు కొనడానికి వచ్చిన ఒక కుటుంబం మొత్తాన్ని తనొక్కతే చేసి చూపిస్తుంది. తల్లి, తండ్రి, పెళ్లికూతురు, ఏదీ నచ్చని మేనత్త. చివర్లో రమణ గొంతుతో "నచ్చకపోతే యాడన్నా తీసుకో పోమ్మా" అని తనే నవ్వేస్తుంది. అత్తయ్య నిద్రపోయాక, వాసవి పడుకున్నాక, మధ్యాహ్నాలు నేను దాన్ని శబ్దం తగ్గించి చూసేదాన్ని. రోజూ చూసేదాన్ని. తాగుబోతు సీసా దాచుకున్నట్టు ఆ ఫోనును దాచుకునేదాన్ని.

ఎండలు మండిపోతున్న ఒక మధ్యాహ్నం, చూస్తూ చూస్తూ తల ఎత్తితే నా వెనక వాసవి నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో తెలియదు. ఫోను ఆపబోయాను.

"ఆపొద్దు మా" అంది.

పక్కన కూర్చుంది. చివరిదాకా చూసింది. "మళ్లా పెట్టు" అంది. పెట్టాను. రెండోసారి తెరకు ఇంకా దగ్గరగా వంగి చూసింది.

"ఇది నేనే గదా?"

"ఊ. నువ్వే తల్లీ."

"బేగా మాట్లాడుతాంది."

"ఊ."

"నాకు అట్ల మాట్లాడనీకి రాదు."

అది ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ, ఎక్కడా ఏడవకుండా, లెక్క అడిగినట్టు అడిగింది:

"అందరూ... ఆ పాప రావాల, ఆ పాప రావాల అంటాండారు గదా. నాయన, నాయనమ్మ, నువ్వు గూడ. ఆ పాప వస్తే... నేను యాడికి పోవాల మా?"

మెట్ల మీద చప్పుడైంది. రమణ. చాలా రోజుల తర్వాత ఆ రోజు అన్నానికి పైకి వచ్చాడు. గుమ్మంలో ఎంతసేపటి నుంచి ఉన్నాడో, ఎక్కడి నుంచి విన్నాడో నేను అడగలేదు. లోపలికి వచ్చి, అంగడి దుమ్ముతోనే దాని ముందు నేల మీద కూర్చున్నాడు.

"నువ్వు యాడికీ పోవద్దు" అన్నాడు. "నువ్వు ఈడే ఉండాల."

"ఆ పాప వస్తే గూడ?"

"వస్తే గూడ. ఇద్దరూ ఉండండి. ఇల్లు పెద్దదే గదా మనది."

మా ఇల్లు రెండు గదులు. అది చుట్టూ చూసి, "సరిపోతాది" అంది. తర్వాత ఆకలేస్తోందంది.

నేను అన్నం పెడుతుంటే రమణ స్నానాలగదిలోకి వెళ్లాడు. కుళాయి చప్పుడు చాలాసేపు వినపడుతూనే ఉంది. ఎర్రబడిన కళ్లతో వచ్చి మా పక్కన కూర్చున్నాడు. "శైలా, రెండు ముద్దలు నాకు గూడ పెట్టు" అన్నాడు. నా పేరు పెట్టి పిలిచి ఎన్ని నెలలైందో. ఆ రోజు డాక్టరమ్మ చెప్పిన మాటలో నేను దాచిపెట్టిన రెండో సగం కూడా ఆయనకు చెప్పాను.

ఇప్పుడు

వాసవికి పన్నెండో ఏడు నడుస్తోంది. తనకంటే చిన్నపిల్లలతో కలిసి, సగం పూట బడికి వెళ్తుంది. చదువు ఎంతవరకు వస్తుందో తెలియదు. పేర్లు నిలవవు, ఒక మనిషి పేరు అడిగి, విని, వెంటనే మళ్లీ అడుగుతుంది. అలిసిపోయిన రోజు కోపం ఇంకా వస్తుంది, కాకపోతే కంచం తీసి దూరంగా పెట్టి కోప్పడుతుంది. అది తనే కనిపెట్టిన ఉపాయం.

సాయంత్రాలు అంగడిలో గుడ్డ పట్టుకుని సామాన్లు తుడుస్తుంది. ఒక్కొక్క గ్లాసునూ లోపల, బయట, అడుగున, మళ్లీ లోపల. కొన్నవాటిని కాగితంలో చుట్టి ఇవ్వడం కూడా దాని పనే. మొన్న ఒకాయన బస్సు పోతుందని తొందరపడ్డాడు. "బేగా కట్టియ్యి పాపా" అన్నాడు. వాసవి చేతులు ఆగిపోయాయి. రమణ మిషను ఆపి, "లేటయితాదప్పా. కూచో. ఇంగొక బస్సు ఉండాది" అన్నాడు. ఆయన సణుగుతూనే కూర్చున్నాడు. నాలుగు గిన్నెలూ చుట్టి, దారం కట్టి, ముడి ఊడకుండా రెండుసార్లు లాగి చూసి ఇచ్చింది.

నా బెంగ పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. పోలేదు. పెళ్లిసామాన్లకు వచ్చిన గుంపులో ఏదీ నచ్చని మేనత్త కనిపిస్తే నేను పని ఉన్నట్టు పైకి వెళ్లిపోతాను. ఆ వీడియో నా ఫోనులోనే ఉంది. కానీ దాక్కుని చూడను. రమణ, నేను కలిసి చూస్తాం, ఎప్పుడైనా, పండుగనాడో దాని పుట్టినరోజునో. ఆయన ఇప్పుడు ఏడుస్తాడు. నాకు అదొక ఊరట. ఇన్నాళ్లూ ఆ పాప కోసం నేనొక్కదాన్నే ఎదురుచూస్తున్నాననుకున్నాను.

నంద్యాలకు ఇంకా వెళ్తున్నాం, నెలకు ఒకసారి. పోయిన నెల డాక్టరమ్మ గది ముందు కూర్చుని ఉంటే, కొత్తగా ఒకామె వచ్చి మా పక్కన కూర్చుంది. చిన్న వయసు. జుట్టు చెదిరిపోయి ఉంది. పిల్లవాణ్ణి ఏదో పరీక్షకని వేరే గదిలోకి తీసుకుపోయారు. మేడ మీద నుంచి పడ్డాడని, ఆపరేషన్ అయిందని, ఇంటికి తెచ్చి నెల దాటిందని చెప్పింది. తర్వాత వాసవిని తల నుంచి కాళ్లదాకా చూసి, నా వైపు వంగి అడిగింది:

"మీ పాపకు గూడ ఇదేనా అక్కా? ముందు మాదిరి అయిందా?"

నేను ఎప్పుడో అడిగిన మాట. నోరు తెరిచేలోపు వాసవి ఆమె వైపు తిరిగింది.

"మీ వాని పేరేంది?" అంది.

"చరణ్" అందామె.

వాసవి తల ఊపింది. "మీ వాని పేరేంది?" అంది మళ్లీ.

నేను దాని చెయ్యి పట్టుకోబోయాను. ఆమె మాత్రం ఏమీ అనుకోకుండా, "చరణ్ తల్లీ. చరణ్ తేజ" అంది.

మూడోసారి అడిగినప్పుడు ఆమె గొంతు మారింది. "చరణ్. మేము చెర్రీ అంటాం. వాళ్ల నాయనేమో దొంగనాయాలా అంటాడు" అని, నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బహుశా ఆ నెలంతా ఆమెను ఎట్లా పడ్డాడు, ఎంత ఎత్తు, డాక్టరు ఏమన్నాడు అని అడిగినవాళ్లే తప్ప పేరు అడిగినవాళ్లు లేరేమో. పిల్లవానికి బెల్లం దోసె అంటే ఎంత ఇష్టమో చెప్పింది. కుక్కలంటే భయం లేదని చెప్పింది. వీధిలో కుక్కపిల్లలన్నిటికీ పేర్లు పెట్టాడని చెప్పింది. ఆ పేర్లు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ చెబుతోంది. వాసవి ఆమె నోటివైపే చూస్తూ, ఒక్కొక్క పేరుకూ తల ఊపుతోంది.

తలుపు తెరిచి డాక్టరమ్మ బయటికి తొంగిచూసింది. "వాసవీ, రా అమ్మా" అంది.

నేను సంచీ అందుకుని లేచాను. వాసవి లేవలేదు. నా చీర పట్టుకుని కిందికి లాగింది.

"ఉండు మా," అంది. "ఆమె చెప్తాంది గదా."

డాక్టరమ్మ తలుపు మెల్లగా దగ్గరికి వేసింది. నేను మళ్లీ కూర్చున్నాను.